ప్యూ పట్టిక, మార్కుల పట్టిక, ఏహెచ్‌పీ: డిజైన్ ఎంచుకోవడానికి ఏది మేలు?

ఒక యంత్రానికి మూడు డిజైన్లు బల్ల మీద ఉన్నాయి. మూడూ పనిచేసేవే. ఏది తయారుచెయ్యాలి? చిన్న వర్క్‌షాపుల్లో చాలాసార్లు ఈ ప్రశ్న తేల్చేది అక్కడున్న పెద్దాయన, లేకపోతే గట్టిగా మాట్లాడేవాడు. అలా కాకుండా ఒక పద్ధతి ప్రకారం తేల్చుకోవాలంటే ముఖ్యంగా మూడు దారులున్నాయి. మూడింటినీ ఒకే పని మీద వాడి చూశాను కాబట్టి ఆ పనితోనే చెబుతాను.

అది పసుపు పాలిష్ పట్టే డ్రమ్. ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ముల్ని చిల్లుల డ్రమ్‌లో వేసి తిప్పితే, కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని పైపొట్టు, వేళ్లు రాలిపోయి నునుపు తేలతాయి. దుగ్గిరాల యార్డుకి సరుకు తెచ్చే రైతుకి ఆ నునుపు ధర దగ్గర పనికొస్తుంది. డ్రమ్ నిమిషానికి 30 చుట్లు తిరిగితే చాలు. మోటారేమో 960 చుట్లది. అంటే వేగం 32 రెట్లు తగ్గాలి. దానికి మా ముందున్నవి మూడు: రెండు దశల వి-బెల్టులు, రెండు దశల చైన్లు, డ్రమ్ షాఫ్టుకి నేరుగా బిగించే గేర్ మోటారు.

మొదట అందరికీ తెలిసిన మార్కుల పట్టికే వేశాం. మనకి ముఖ్యమైన అంశాలు రాసుకుని, ఒక్కోదానికి వందలో ఇంత అని ప్రాధాన్యం పంచి, ప్రతి డిజైన్‌కి ఐదుకి మార్కులు వేసి, హెచ్చించి కూడటం. మాది ఇలా వచ్చింది:

| అంశం | ప్రాధాన్యం | బెల్ట్ | చైన్ | గేర్ మోటారు |
|---|---|---|---|---|
| ధర | 30 | 4 | 4 | 2 |
| ఊళ్లో రిపేరు | 25 | 5 | 4 | 2 |
| దుమ్ము తట్టుకోవడం | 20 | 3 | 2 | 5 |
| జారకుండా లాగడం | 25 | 2 | 4 | 5 |
| మొత్తం | 100 | 355 | 360 | 335 |

చైన్ గెలిచింది. పని అయిపోయిందనుకుని చైన్, స్ప్రాకెట్ల కొలతలు కూడా మొదలుపెట్టాను. రాత్రి ఇంటికెళ్లాక ఏదో అనుమానం. పసుపు పొడి ఎంత లేస్తుందో తెలుసు కదా, దుమ్ముకి 20 సరిపోతుందా? దాన్ని 25 చేసి, లాగడాన్ని 20కి దించి మళ్లీ కూడాను. బెల్ట్ 360, చైన్ 350. ఇంకోసారి, మొదటి పట్టికలోనే ధరని 20కి దించి దుమ్ముని 30కి పెంచి చూశాను. ఈసారి గేర్ మోటారు 365తో పైకొచ్చింది, బెల్ట్ 345, చైన్ 340. డిజైన్లు అవే, మార్కులు అవే. ప్రాధాన్యాలు కాస్త అటూ ఇటూ జరిగేసరికి ముగ్గురూ తలా ఒకసారి గెలిచారు.

కూడిక ఎక్కడా తప్పలేదు. 30, 25 అనే అంకెలకి వెనక ఆధారమేమీ లేదు, అంతే. మేం టీ తాగుతూ అనుకున్న అంకెలవి. హెచ్చించి కూడేసరికి వాటికి లేని గౌరవం వచ్చేసింది. ఈ పట్టికలో ఇంకో ప్రమాదం, ఒకచోట తగ్గినది ఇంకోచోట పెరిగి సర్దుకుపోవడం. తిరిగే భాగాలకి కవర్ బిగించే వీలే లేని డిజైన్ కూడా ధర చవకైతే పై స్థానానికి రావచ్చు. భద్రత లాంటి వాటికి మార్కులు వెయ్యకూడదు. అది ఉందా లేదా అని ముందే చూసి, లేనిదాన్ని అక్కడే పక్కన పెట్టెయ్యాలి.

అయినా మార్కుల పట్టికని తీసిపారెయ్యను. కేటలాగులో ధర, కిలోల్లో బరువు, మీటరు మీద కరెంటు ఇలా కొలిచిన అంకెలు చేతికొచ్చాక అది బాగా పనిచేస్తుంది. డిజైన్లు ఇంకా కాగితం మీద గీతలుగా ఉన్నప్పుడు వాడితేనే మోసపోతాం.

ప్రాధాన్యాలు గాల్లోంచి వస్తున్నాయనే బాధకి మందుగా వచ్చింది ఏహెచ్‌పీ (అనలిటిక్ హైరార్కీ ప్రాసెస్). అమెరికాలోని వార్టన్ స్కూల్‌లో పనిచేసిన థామస్ సాటీ 1970లలో రూపొందించిన పద్ధతి. ఇందులో ఒకేసారి వందని పంచమని అడగరు. రెండేసి అంశాలని పక్కపక్కన పెట్టి, ఏది ఎంత ముఖ్యం అని 1 నుంచి 9 వరకు చెప్పమంటారు. రెండూ సమానమైతే 1, ఒకటి పూర్తిగా పైచేయి అయితే 9. ఆ జవాబులన్నిటి నుంచి ప్రాధాన్యాలు లెక్కగట్టి తీస్తారు. మన మాటలో పొంతన ఉందో లేదో కూడా ఇది పట్టేస్తుంది. ధర రిపేరు కంటే రెండింతలు ముఖ్యమని, రిపేరు దుమ్ము కంటే మూడింతలని చెప్పి, తీరా ధర, దుమ్ము సమానమంటే అది కుదరదు కదా. ఆ తేడాని కొలిచే నిష్పత్తి 0.10 దాటితే, జవాబులు మళ్లీ చూసుకోమంటుంది.

డిజైన్లని కూడా ఒక్కో అంశంలో ఇలాగే రెండేసి చొప్పున పోల్చాలి. మాకు నాలుగు అంశాలు, మూడు డిజైన్లు కాబట్టి 18 పోలికలతో అయిపోయింది. అదే ఎనిమిది అంశాలు, ఆరు డిజైన్లయితే 148 పోలికలు చెయ్యాలి. యాభై దాటాక మనిషి ఆలోచించడం మానేసి ఏదో ఒకటి చెప్పేస్తాడు. ఇంకో పేచీ కూడా ఉంది. కొత్త డిజైన్ ఒకటి చేర్చితే, ఉన్నవాటి మధ్య వరస తారుమారయ్యే అవకాశం ఉందని బెల్టన్, గేర్ అనే పరిశోధకులు 1983లోనే ఉదాహరణతో చూపించారు. దాని మీద వాదన ఏళ్ల తరబడి నడిచింది.

కానీ మాకు ఇందులో అనుకోని లాభం ఒకటి దొరికింది. అవే ప్రశ్నలు వర్క్‌షాప్ యజమానిని, డ్రమ్ కొనబోయే రైతుని విడివిడిగా అడిగాం. యజమాని ధర రిపేరుకి రెండింతలు ముఖ్యమన్నారు. రైతు ఉల్టాగా, రిపేరే ధరకి ఐదింతలు అన్నారు. సీజన్‌లో యంత్రం రెండు రోజులు ఆగితే పసుపు కుప్ప అలాగే ఉంటుంది, కూలీలకి మాత్రం డబ్బివ్వాలి. అంతకుముందు మేమంతా ఒకే మాట మీద ఉన్నామనే అనుకున్నాం. ఇలా తలో రకంగా ఆలోచించే నలుగురు కలిసి నిర్ణయించాల్సిన పెద్ద పనులకి ఏహెచ్‌పీ మేలు. ఐదుగురు పనిచేసే షాపుకి అది బరువే.

మూడోది ప్యూ పట్టిక. తర్వాత స్కాట్లాండ్‌లోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయిన స్టువర్ట్ ప్యూ దీన్ని 1980ల మొదట్లో ప్రచారంలోకి తెచ్చారు. ఇందులో మార్కులూ లేవు, ప్రాధాన్యాలూ లేవు. బాగా తెలిసిన డిజైన్‌ని ఒకదాన్ని కొలమానంగా పెట్టుకుంటాం. మిగతావాటిని ఒక్కో అంశంలో దానితో పోల్చి మెరుగైతే ప్లస్, తీసికట్టయితే మైనస్, దానితో సమానమైతే ఎస్ (సేమ్) అని రాస్తాం. అంతకుమించి ఏమీ లేదు కాబట్టి అందరూ నోరు విప్పుతారు.

మేం రెండు దశల బెల్టునే కొలమానంగా పెట్టుకున్నాం, అప్పటికే అలాంటివి చేసి అమ్ముతున్నాం కాబట్టి. ఈసారి ఫిట్టర్‌నీ కూర్చోబెట్టాం. ముప్పై ఏళ్లుగా ఇలాంటి యంత్రాలు విప్పి బిగించిన మనిషి. ‘జారకుండా లాగడం’ దగ్గర చైన్‌కి ప్లస్ రాస్తుంటే ఆయన ఆపాడు.

“సార్, జారితే తిట్టుకుంటాం గానీ, ఆ జారడమే కదండీ మోటార్ని కాపాడేది. పోయినేడు గోనె సంచి మూల డ్రమ్‌కీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుంది. బెల్ట్ జారి కాలిన వాసనొచ్చింది, ఆపేశాం. అక్కడ చైనుంటే ఏమయ్యేదండీ?”

చైన్ తెగేది, లేదా మోటారు కాలేది. ‘జామ్ అయితే ఏమవుతుంది’ అనే వరస మా మార్కుల పట్టికలో లేనేలేదు, ఏహెచ్‌పీలోనూ లేదు. ఇక్కడ చేర్చగానే చైన్‌కీ గేర్ మోటారుకీ మైనస్ పడింది. అయినా ప్లస్సులు, మైనస్సులు కూడి ఎవరు గెలిచారో చూడటం ప్యూ పట్టిక అసలు పని కాదు. ప్రతి మైనస్ దగ్గరా ఆగి, దీన్ని ఎలా తీసెయ్యొచ్చు అని అడగాలి. ఒకదాని ప్లస్‌ని ఇంకోదానికి అంటించొచ్చా అని చూడాలి.

అలా అడిగితేనే నాలుగో కాలమ్ పుట్టింది. వేగం ఎక్కువ, లాగాల్సిన బలం తక్కువ ఉండే మొదటి దశలో బెల్ట్ పెట్టి 960 చుట్లని 160కి దించాలి. నెమ్మదిగా తిరుగుతూ గట్టిగా లాగాల్సిన రెండో దశలో చైన్ పెట్టి 160ని 30కి తేవాలి. డ్రమ్ ఇరుక్కుంటే మొదటి బెల్ట్ జారి మోటార్ని కాపాడుతుంది. చైన్‌ని రేకు పెట్టెలో మూసేస్తే పసుపు పొడి నూనెకి అంటుకోదు. అనుభవమున్న మెకానిక్కులకి ఈ అమరిక కొత్తేమీ కాదు. కానీ మేం మూడు డిజైన్లకి మార్కులు వేస్తూ కూర్చున్నంతసేపూ అది ఎవరి తలకీ తట్టలేదు.

పట్టికలో కాలమే లేని డిజైన్‌కి గెలిచే వీలుండదు అనేదానికి చంద్రయాత్ర కంటే పెద్ద ఉదాహరణ నాకు తెలీదు. అపోలో కోసం నాసాలో మొదట బలంగా నిలబడ్డవి రెండు దారులు: పెద్ద రాకెట్‌తో నేరుగా చంద్రుడి మీదకి వెళ్లడం, లేదా భూకక్ష్యలో భాగాలు కలుపుకుని వెళ్లడం. చంద్రుడి కక్ష్యలో ఒక నౌకని ఉంచి, చిన్న నౌకని మాత్రమే కిందికి దించే ఆలోచనని చాలామంది ప్రమాదకరమని తోసిపుచ్చారు. జాన్ హౌబోల్ట్ అనే ఇంజనీరు పట్టు వదలకుండా, 1961 నవంబరులో పై అధికార్లని దాటి నేరుగా నాసా ఉన్నతాధికారి రాబర్ట్ సీమన్స్‌కే ఉత్తరం రాశారు. 1962 జూన్ 7న నాసా రాకెట్ల రూపకర్త ఫాన్ బ్రాన్ కూడా ఆ దారికే ఒప్పుకున్నారు. జూలై 11న నాసా దాన్నే ప్రకటించింది.

ఇప్పుడు మేం చేసేది ఇదీ. గీతల దశలో ప్యూ పట్టికే, అదీ రెండుసార్లు. రెండోసారి కొలమానాన్ని మార్చి చేస్తాం, ఎందుకంటే మొదటిదాని మీద మమకారం వరసల్లో దాక్కుని ఉంటుంది. చివరికి రెండే మిగిలి, ధరలు, కొలతలు చేతికొచ్చాక మార్కుల పట్టిక. ప్రాధాన్యాల్ని ఐదేసి పాయింట్లు అటూ ఇటూ జరుపుతాం. గెలిచింది మారకపోతే ముందుకెళ్తాం. మారితే అంకెల్ని వదిలేసి ఒక నమూనా చేసి తిప్పి చూస్తాం. కొనేవాళ్లకీ మాకూ ప్రాధాన్యాల దగ్గరే పేచీ వస్తే అప్పుడు ఏహెచ్‌పీ.

ఈ మధ్య వేరుశనగ కాయలు ఒలిచే యంత్రానికి కొత్త పట్టిక గీశాం. మొదటి వరసలో ఏం రాయాలో ఎవరూ అడగలేదు. ఫిట్టర్ అప్పటికే చాక్‌పీసు తీసుకుని రాసేశాడు: ‘జామ్ అయితే?’