కత్సుఉరా మెట్ల మీద హినా బొమ్మలు

ఫిబ్రవరి నెలాఖరున అమ్మని తీసుకుని జపాన్‌లోని కత్సుఉరా అనే ఊరికి వెళ్ళాను. టోక్యో స్టేషన్‌లో వకాషియో రైలు ఎక్కితే గంటన్నర. తోమిసాకి గుడికి ఎక్కే 60 రాతిమెట్ల నిండా ఎర్రబట్ట, దాని మీద సుమారు 1,800 బొమ్మలు. కింద నిలబడి అమ్మ, "మన కొలువే కదే!" అంది. తెనాలిలో మా ఇంటి కొలువుకి తొమ్మిది మెట్లు.

ఈ బొమ్మలు పెట్టేది హినామత్సురికి, మార్చి 3న వచ్చే ఆడపిల్లల పండగ. నిండు కొలువంటే ఏడు మెట్లు, 15 బొమ్మలు: పైన రాజు, రాణి, ఆ కింద ముగ్గురు చెలికత్తెలు, ఐదుగురు వాద్యగాళ్ళు, ఇద్దరు మంత్రులు, ముగ్గురు సేవకులు. పిల్ల పుట్టాక మొదటి పండక్కి చాలా ఇళ్ళలో అమ్మమ్మగారే కొనిపెడతారు. ఇరుకు ఫ్లాట్లలో ఏడు మెట్లు ఎక్కడ పడతాయి? పారేయడానికి చేతులు రావు. అలా ఇళ్ళు విడిచినవే ఇక్కడ కొలువుదీరేది. 2001లో తొకుషిమా ప్రాంతంలో ఇదే పేరున్న ఊరు సుమారు 7,000 బొమ్మలు పంపింది, దాంతో ఇక్కడ ఈ పండగ మొదలైంది.

రాత్రికి చిన్న సత్రంలో దిగాం. నేల మీద పరుపు అమ్మ మోకాళ్ళకి కష్టమైంది. అడగకుండానే సత్రం ఆవిడ కుర్చీ తెచ్చిచ్చింది. భోజనమే దెబ్బతీసింది: చేప వద్దని ముందే చెప్పినా సూప్ చేప మరిగించిన నీళ్ళతోనే చేశారు. శాకాహారులు పులిహోర కట్టుకెళ్ళడం మేలు. ఊరి పొద్దుటి సంత 1591 నుంచి ఉంది, బుధవారం సెలవు.

తర్వాతి వారం సైతామాలోని ఇవత్సుకి బొమ్మల మ్యూజియానికీ వెళ్ళాం. పాత బొమ్మల పట్టుబట్టలు, కుట్టుపని దగ్గర్నుంచి చూడాలంటే అదే మంచిది, మెట్లెక్కే పనీ లేదు. కానీ అన్నీ అద్దాల వెనక. ఒక్కచోటికే వీలైతే నేను కత్సుఉరాకే వెళ్ళమంటాను. వానొస్తే మెట్ల మీద బొమ్మలు పెట్టరు, రోజు చూసుకుని బయల్దేరండి.

కత్సుఉరాలో ఆ సాయంత్రం బొమ్మల్ని లోపలికి చేర్చడం మొదలుపెట్టారు. రోజూ పొద్దున పెట్టడం, చీకటి పడ్డాక ఎత్తడం. మార్చి 3 దాటినా ఇంట్లో బొమ్మలు ఎత్తకపోతే పిల్ల పెళ్ళి ఆలస్యమవుతుందని వాళ్ళ నమ్మకం. మన కొలువు ఎత్తే ముందు ఒక బొమ్మని పడుకోబెడతాం కదా. "వీళ్ళు ఏ బొమ్మని పడుకోబెడతారో అడగవే," అంది అమ్మ. ఒకావిడని అడిగాను. ఆవిడ నవ్వి, చేతిలో ఉన్న రాణిబొమ్మని అమ్మ చేతికిచ్చి, పెట్టె చూపించింది.