అర లీటరు అసిటోన్ సీసా: లేబుల్‌కే నాలుగు నక్షత్రాలు

కెమిస్ట్రీ ల్యాబ్‌లో పిల్లల చేత ప్రాక్టికల్స్ చేయిస్తాను కాబట్టి, ఏ రసాయనం వచ్చినా ముందు లేబుల్ చదువుతాను. ఈ 500 మిల్లీలీటర్ల అసిటోన్ సీసా మీద ఫార్ములా, మోలార్ ద్రవ్యరాశి (ఒక్క మోల్ బరువు, గ్రాముల్లో; మోల్ అంటే అణువులను లెక్కించే కొలత) 58.08, సాంద్రత (మిల్లీలీటరుకు గ్రాములు) 0.79 ఒకే వరుసలో వేశారు. దాని పక్కనే ఎర్ర అంచు డైమండ్, లోపల నల్లటి మంట గుర్తు.

లెక్కా, హెచ్చరికా ఇలా పక్కపక్కన ఉండటం నాకు బాగా నచ్చింది. 500ని 0.79తో గుణిస్తే 395 గ్రాములు. 58.08తో భాగిస్తే సుమారు 6.8 మోల్‌లు. పిల్లలు అక్కడితో ఆపేస్తారు, నేను ఆపనివ్వను. ఒక్క మోల్ అంటే 73 మిల్లీలీటర్ల పైచిలుకు. అది బల్ల మీద ఒలికి పూర్తిగా ఆవిరైతే, 20 డిగ్రీల దగ్గర 24 లీటర్ల ఆవిరి. గాలిలో అసిటోన్ ఆవిరి 2.5 శాతం ఉంటే చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. అంటే ఆ కాస్త ద్రవానికి దాదాపు 960 లీటర్ల గాలిని మండే మిశ్రమంగా మార్చే శక్తి ఉంది! ఇది బోర్డు మీద తేలాక, స్పిరిట్ దీపం ఆర్పమని ఎవరికీ వేరే చెప్పాల్సిన పని ఉండదు.

ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి వచ్చే కనీస ఉష్ణోగ్రత, మైనస్ 20 డిగ్రీలని కూడా స్పష్టంగా ఉంది. మామూలు ఫ్రిజ్‌లో పెట్టినా మండే ఆవిరి వస్తూనే ఉంటుందన్నమాట. ఆ ఆవిరి గాలికి రెట్టింపు బరువు (58ని గాలి సగటు మోలార్ ద్రవ్యరాశి 29తో భాగించి చూడండి), నేల మీదుగా పాకి దూరాన ఉన్న మంటను చేరగలదు.

ద్రవం శుభ్రంగా ఉంది, గాజు మీద మరక మిగల్చలేదు.

లోపమల్లా సిరాలో ఉంది. వంపేటప్పుడు ఒక చుక్క పక్కకు జారితే హెచ్చరిక వాక్యం అలుక్కుపోయింది. అసిటోన్ సీసా మీది అక్షరాలు అసిటోన్‌కే కరిగిపోతే ఎలా? ఇది చిన్న విషయం కాదు, కంపెనీ వెంటనే సరిచేయాలి. సాంద్రత ఏ ఉష్ణోగ్రత దగ్గరిదో రాయలేదు, మూత తీసిన తేదీ వేసుకోవడానికి చోటూ లేదు.

వాష్ బాటిల్‌లో పోసుకున్నప్పుడు అంటించడానికి పేరు, మంట గుర్తు ఉన్న చిన్న స్టిక్కర్ జతచేస్తే ఇంకా బాగుండేది. ప్రస్తుతం నేనే రాసి అంటిస్తున్నాను, పెన్సిల్‌తో. అది చెరగదు.