ఫైల్ ష్రెడ్ చెయ్యడమా, డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చెయ్యడమా?

రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే ఫైల్ పోయినట్టే అనుకుంటాం కానీ పోయేది అదెక్కడుందో చెప్పే ఎంట్రీ మాత్రమే. అన్నయ్య అమ్మబోయిన లాప్‌టాప్‌లో ఫ్రీ రికవరీ టూల్ పెట్టి చూస్తే వదిన పాస్‌బుక్ ఫొటో అకౌంట్ నంబర్‌తో సహా వచ్చేసింది, గుండె ఝల్లుమంది.

పాత తిరిగే హార్డ్‌డిస్క్ అయితే ష్రెడ్ చెయ్యండి, అంటే ఫైల్ ఉన్న చోటే వేరే డేటా రాసెయ్యడం (ఓవర్‌రైట్). ఒక్కసారి చేస్తే చాలు, పదేపదే అక్కర్లేదు.

ఎస్ఎస్‌డీలో (తిరిగే భాగాలు లేకుండా చిప్స్‌లో డేటా దాచే డిస్క్) మాత్రం ష్రెడ్‌ని నమ్మొద్దు, సెల్స్ (డేటా ఉండే చిన్న గదులు) సమానంగా అరగాలని కంట్రోలర్ (డిస్క్‌ని నడిపే చిప్) కొత్త డేటాని వేరే చోట రాస్తుంది, పాత కాపీ లోపలే మిగిలిపోవచ్చు. దానికి బిట్‌లాకరే (కీ లేకుండా ఎవరూ చదవలేనట్టు డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం) బెటర్, కొన్నరోజే ఆన్ చేసేస్తే అమ్మేటప్పుడు కీ చెరిపేస్తే చాలు, మిగిలిన ముక్కలు ఎవరూ చదవలేరు. రికవరీ కీ (డిస్క్ మామూలుగా తెరుచుకోకపోతే కొట్టే పొడవాటి నంబర్) మాత్రం వేరేచోట జాగ్రత్తగా దాచుకోండి, వాడుకలో ఉండగా అది పోతే మీ ఫైల్స్ మీకే దక్కకపోవచ్చు.