యూర్‌-లెక్స్: ఐరోపా సమాఖ్య ఒప్పందాలను మూలంలోనే చదివించే సేవ

ఇరుగుపొరుగు దేశాలు కలిసి ఒక రాజకీయ, ఆర్థిక సమాఖ్యగా ఎలా ఏర్పడతాయో వివరించే పుస్తకాలు చాలానే ఉన్నాయి. కానీ ఆ దేశాలు సంతకాలు చేసిన పత్రాలనే పాఠకుడి ముందు పెట్టే సేవలలో, ఐరోపా సమాఖ్య ప్రచురణల కార్యాలయం నిర్వహిస్తున్న యూర్‌-లెక్స్ వెబ్‌సైటును నేను అన్నిటికన్నా ముందుంచుతాను. ఒప్పందాలు, చట్టాలు, సమాఖ్య న్యాయస్థానం తీర్పులు, అధికారిక గెజెట్ సంచికలు ఇక్కడ ఉచితంగా దొరుకుతాయి. చదవడానికి ఖాతా తెరవనక్కరలేదు. 2013 జులై 1 నుంచి గెజెట్ ఎలక్ట్రానిక్ ప్రతికే చట్టబద్ధత ఉంది కాబట్టి, ఆ తర్వాతి సంచికల విషయంలో పాఠకుడు చూస్తున్నది అధికారిక ప్రతే.

ఒప్పందాల విభాగమే ఈ సేవకు ప్రాణం. 1951 ఏప్రిల్ 18న పారిస్‌లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ కుదుర్చుకున్న ఒప్పందం కేవలం బొగ్గు, ఉక్కు పరిశ్రమలకు సంబంధించినది. అయితే యుద్ధానికి కావలసిన ఆయుధాలకు మూలాధారం ఆ రెండే గనుక, వాటిపై అజమాయిషీని ఒక ఉమ్మడి హై అథారిటీకి అప్పగించడమంటే పొరుగువాడిపై రహస్యంగా యుద్ధసన్నాహాలు చేసుకునే దారిని మూసుకోవడమే. యాభై ఏళ్ల గడువుతో 1952 జులై 23న అమలులోకి వచ్చిన ఆ ఒప్పందం, 2002 జులై 23న ముగిసిపోయింది. 1957 మార్చి 25 నాటి రోమ్ ఒప్పందం అదే పద్ధతిని మొత్తం ఆర్థిక వ్యవస్థకు విస్తరింపజేసింది. సభ్యదేశాల మధ్య కస్టమ్స్ సుంకాలను ఒక్కసారిగా ఎత్తివేయకుండా, నాలుగేసి ఏళ్ల మూడు దశలలో, పన్నెండేళ్ల సంధికాలంలో తొలగించాలని అందులో రాసుకున్నారు. బయటి దేశాల సరుకులపై మాత్రం అందరూ ఒకే సుంకం వసూలు చేయాలి. ఈ పని అనుకున్న గడువు కంటే ముందే, 1968 జులై 1 నాటికి పూర్తయింది. దేశాల కలయిక ఒక ప్రకటనతో జరిగిపోదని, తేదీలు వేసుకుని, రాయితీలు ఇచ్చిపుచ్చుకుని, మెట్టు మెట్టుగా కట్టుకోవలసినదని ఆ అధికరణలను వరుసగా చదివినప్పుడు అర్థమైనంత స్పష్టంగా మరెక్కడా అర్థం కాదని నా అభిప్రాయం.

తీర్పుల విభాగాన్ని కూడా తప్పక చూడాలి. పశ్చిమ జర్మనీ నుంచి సరుకు తెప్పించుకున్న ఒక డచ్చి సంస్థ, తనపై సుంకం పెంచడం రోమ్ ఒప్పందానికి విరుద్ధమని వాదించిన కేసులో, ఒప్పందం దేశాలకే కాక వాటి పౌరులకు కూడా నేరుగా హక్కులు ఇస్తుందని న్యాయస్థానం 1963 ఫిబ్రవరి 5న తేల్చింది. వాన్ గెండ్ ఎన్ లూస్ పేరుతో ప్రసిద్ధమైన ఈ తీర్పు చదివితే, ఒక సుంకం తగాదా సమాఖ్య స్వరూపాన్నే ఎలా మార్చివేసిందో తెలుస్తుంది.

ఈ సేవలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచినది, నెరవేరని ప్రయత్నాలను సైతం దాచకుండా ఉంచడం. 1972 చేరిక ఒప్పందంలో డెన్మార్క్, ఐర్లండ్, బ్రిటన్‌లతో పాటు నార్వే పేరు కూడా కనిపిస్తుంది. ఆ ఏడాది సెప్టెంబరులో నార్వే ప్రజలు అభిప్రాయసేకరణలో చేరికను తిరస్కరించడంతో, 1973 జనవరి 1న ఒక ప్రత్యేక నిర్ణయం ద్వారా ఒప్పందాన్ని మూడు దేశాలకు సరిపోయేలా మార్చవలసి వచ్చింది. ఆ నిర్ణయం కూడా ఇక్కడ దొరుకుతుంది. 2004లో సంతకాలు జరిగి, మరుసటి ఏడాది ఫ్రాన్స్, నెదర్లాండ్స్ ఓటర్లు తోసిపుచ్చిన రాజ్యాంగ ఒప్పందమూ పూర్తి పాఠంతో ఉంది. ప్రభుత్వాలు అంగీకరించినంత మాత్రాన సమాఖ్య ముందుకు సాగదని ఈ పత్రాలే సాక్ష్యం చెబుతాయి.

కొత్తవారికి ఒక ఇబ్బంది తప్పదు. 2007 డిసెంబరులో సంతకాలైన లిస్బన్ ఒప్పందం పాత ఒప్పందాలకు చేసిన సవరణల పట్టిక వంటిది. ఫలానా అధికరణలో ఫలానా మాటలకు బదులు ఫలానా మాటలు అన్న ధోరణిలో సాగే ఆ పాఠాన్ని విడిగా చదివి అర్థం చేసుకోవడం దాదాపు అసాధ్యం. సవరణలన్నీ కలిపి కూర్చిన పాఠాన్ని తెరిస్తే మాత్రం దారి తేటపడుతుంది. ఐరోపాలోని ఏ దేశం చేరాలన్నా ప్రజాస్వామ్యం, చట్టబద్ధ పాలన వంటి విలువలను గౌరవించాలని, సభ్యదేశాల మంత్రులు కూర్చునే మండలి ఏకగ్రీవంగా ఒప్పుకోవాలని, ఐరోపా పార్లమెంటు సమ్మతించాలని, ఆపై ప్రతి సభ్యదేశమూ తన పద్ధతిలో ధ్రువీకరించాలని ఐరోపా సమాఖ్య ఒప్పందంలోని 49వ అధికరణ చెబుతుంది. బయటికి వెళ్లే దారిని లిస్బన్ ఒప్పందం తెచ్చిన 50వ అధికరణ నిర్దేశిస్తుంది. బ్రిటన్ 2020 జనవరి 31న వైదొలగినది దాని ప్రకారమే.

భాషల ఏర్పాటు మెచ్చుకోదగినది. సమాఖ్యకు ఉన్న 24 అధికార భాషల పాఠాలలో కొన్నిటిని పక్కపక్కన పెట్టుకుని పోల్చి చూడవచ్చు. న్యాయశాస్త్రం చదవనివారి కోసం రాసిన సులభ సారాంశాలు కూడా ఉన్నాయి. వెతుకులాట విషయంలో అంత సంతృప్తి కలగదు; పత్రం సంఖ్యో, సంవత్సరమో తెలిసినవారికి క్షణంలో దొరికేది, విషయం మాత్రమే తెలిసినవారికి ఫలితాల రాశిలో మునిగిపోతుంది.

మరో పరిమితి ఇంతకన్నా ముఖ్యమైనది. చట్టం ఏమి చెప్పిందో ఇక్కడ తెలుస్తుంది గాని, దాని వెనుక జరిగిన బేరసారాలు తెలియవు. మెజారిటీ ఓటింగుకు మారవలసిన తరుణంలో ఫ్రాన్స్ 1965లో మండలి సమావేశాలను బహిష్కరించింది. 1966 జనవరిలో కుదిరిన లక్సెంబర్గ్ రాజీ తర్వాత, మెజారిటీ ఓటుతో నిర్ణయించే వీలు కాగితంపై ఉన్నా ఏకాభిప్రాయం కోసం ఎదురుచూడడమే ఏళ్ల తరబడి ఆనవాయితీ అయింది. రోమ్ ఒప్పందాన్ని మాత్రమే చదివినవారికి ఇదేదీ కనిపించదు. అందుచేత విద్యార్థులు ఒక మంచి చరిత్ర గ్రంథాన్ని పక్కన పెట్టుకుని, మొదట రోమ్ ఒప్పందం పీఠికనూ సుంకాల అధికరణలనూ, తర్వాత ఆ ఒప్పందాన్ని సవరించిన 1986 నాటి ఏక ఐరోపా చట్టాన్నీ, ఆపై సమాఖ్య పౌరసత్వాన్ని, ఉమ్మడి ద్రవ్యానికి మార్గాన్ని ఏర్పరచిన 1992 నాటి మాస్ట్రిక్ట్ ఒప్పందాన్నీ ఆ వరుసలోనే తెరవడం మేలు.