మూడు పీసులైనా వేసిపెట్టే ఛత్తా బజార్ షాపు

హైదరాబాద్‌లో ప్రింటర్లకి కొదవ లేదు. తక్కువ కాపీలు వేసేవాళ్ళకే కొదవ. "బంగారు ఫాయిల్ కావాలి, గోధుమరంగు క్రాఫ్ట్ పేపర్ మీద తెల్ల ఇంకు కావాలి, మడత దగ్గర పగలకూడదు, మొత్తం మూడు పీసులు" అని ఎక్కడైనా చెప్పి చూడండి. కొందరు నవ్వుతారు. కొందరు "కనీసం 500 ఉంటే రామ్మా" అంటారు. ఇంకొందరు పూర్తిగా వినకుండానే పక్క కస్టమర్ వైపు తిరుగుతారు. నేను మాసబ్ ట్యాంక్‌లో బీఎఫ్‌ఏ అప్లైడ్ ఆర్ట్ (గ్రాఫిక్ డిజైన్ వైపు చదువు) ఆఖరి సెమిస్టర్ చదువుతున్నాను. నాలాంటివాళ్ళకి ఎప్పుడూ కావాల్సింది మూడు పీసులే. ఒకటి జ్యూరీకి (మా పని చూసి మార్కులు వేసే పరీక్ష అది), ఒకటి డిగ్రీ షోలో పెట్టడానికి, ఒకటి ఇంట్లో అమ్మకి చూపించడానికి.

ఆ మూడు పీసులు విసుక్కోకుండా చేసిచ్చిన షాపు ఛత్తా బజార్‌లో ఉంది. 5కి 4 ఇస్తాను. ఆ పోయిన ఒక్కటీ ఎందుకు పోయిందో తర్వాత చెప్తాను. షాపు పేరు మాత్రం ఇక్కడ రాయను. రాయొద్దని ఓనరే అన్నారు. జ్యూరీల టైములో కాలేజీ పిల్లలంతా ఒక్కసారే వచ్చి పడితే పెళ్ళి కార్డుల పని ఆగిపోతుందని ఆయన భయం. ఆయన్ని అందరం చాచా అంటాం. మీరు ఆ సందులోకి వెళ్ళి, ఒక్క కాపీకి కూడా స్క్రీన్ ప్రింట్ వేసే చాచా ఎవరని అడిగితే చాలు, వేలు పెట్టి చూపిస్తారు.

ఛత్తా బజార్ తెలియనివాళ్ళకి ఒక మాట. సాలార్‌జంగ్ మ్యూజియం దాటి కొంచెం లోపలికి వెళ్తే వస్తుంది. ఊళ్ళో పెళ్ళి కార్డులన్నీ అక్కడే పుడతాయా అనిపించేలా వరసగా ప్రింటింగ్ షాపులుంటాయి. ఒకప్పుడు ఉర్దూ కాలిగ్రఫీకి ఇది పెద్ద అడ్డా. కార్డులో ప్రతి అక్షరం చేత్తో రాసే ఖత్తాతులు ఇక్కడ కూర్చునేవాళ్ళు. కంప్యూటర్లో ఉర్దూ టైప్ చేసే ఇన్‌పేజ్ వచ్చాక వాళ్ళ పని బాగా తగ్గిపోయింది. మాకు టైపోగ్రఫీ పాఠాల్లో ఈ వీధి గురించి ఎవరూ చెప్పలేదు. కాలేజీ నుంచి ఇంత దగ్గర్లో ఉండి కూడా మొదటి మూడేళ్ళూ ఇటువైపు రాకపోవడం ఇప్పుడు తల్చుకుంటే వింతగా ఉంటుంది.

నా ప్రాజెక్టు ఆత్రేయపురం పూతరేకుల ప్యాకేజింగ్. అమ్మమ్మగారిది ఆ దగ్గర్లోని రావులపాలెం కాబట్టి సబ్జెక్టు వెతుక్కోవాల్సిన పని పడలేదు. 2023లో వాటికి జీఐ గుర్తింపు (ఆ ఊరి ప్రత్యేకత అని ఇచ్చే ముద్ర) కూడా వచ్చింది, జ్యూరీకి చెప్పుకోవడానికి బాగుంటుంది. అసలు సమస్య వేరే. బోర్లించిన వేడి కుండ మీద పిండి నీళ్ళల్లో ముంచిన గుడ్డ పరిచి తీసే ఆ రేకు, ఊరు దాటి హైదరాబాద్ బస్సు ఎక్కేసరికి పెట్టెలో పొడి పొడి అవుతుంది. దానికి తోడు నెయ్యి అట్టకి పట్టి బయటికి మరక కనిపిస్తుంది. రేకు విరగని పెట్టె, మరక కనిపించని పెట్టె, చూస్తే గోదావరి గుర్తుకొచ్చే పెట్టె, ఇదీ నేను పెట్టుకున్న పని. దేవుడి బొమ్మలూ కొబ్బరిచెట్లూ వద్దనుకున్నాను. పైన ఊరి పేరు మాత్రం బంగారు ఫాయిల్‌లో.

చాచా దగ్గర నాకు నచ్చిన మొదటి విషయం, పెన్‌డ్రైవ్ ఇవ్వగానే ఆయన ఫైల్ తెరవరు.

"లోపల ఏం పెడ్తవ్ బేటా?"

"స్వీట్ చాచా. పూతరేకులు."

"నెయ్యి ఉంటదా?"

"బాగానే ఉంటుంది."

"అయితే ఈ బోర్డు నక్కో." వద్దని అర్థం.

నేను చూపించింది లోపలివైపు బూడిద రంగులో ఉండే డూప్లెక్స్ బోర్డు. మామూలు స్వీటు డబ్బాలకి ఎక్కువగా వాడేది అదే, చవక. ఆయన దాన్ని గోటితో గీరి లోపలి పీచు చూపించారు. పాత కాగితాల గుజ్జుతో చేసిన పొర అది, నెయ్యి కనిపిస్తే చాలు పీల్చేస్తుంది. తర్వాత రెండువైపులా తెల్లగా ఉండే 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరు 300 గ్రాములు తూగే) బోర్డు తీశారు. షీటుని ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా చేతుల్లో వంచి చూపించి, ఎటు తేలిగ్గా వంగుతుందో చూసుకుని పొడుగు మడతలు ఆ వైపుకే రావాలన్నారు. కాగితంలో పీచు పరుచుకున్న ఆ దిక్కునే నాలుగేళ్ళుగా "గ్రెయిన్ డైరెక్షన్" అని నోట్సులో రాసుకుంటున్నాం. చేతికి తెలిసింది మాత్రం ఆ కౌంటర్ దగ్గరే. లోపల బటర్ పేపర్ వేయాలన్న సలహా కూడా ఆయనదే, దానికి డబ్బులేమీ తీసుకోలేదు.

ఈ షాపు మీద నా అభిప్రాయం మొత్తం ఇక్కడే ఉంది. కాలేజీ గేటు ఎదురుగా ఉండే ప్రింటు షాపుల్లో మనం ఇచ్చింది ఇచ్చినట్టు వేసిచ్చేస్తారు. అది వాళ్ళ తప్పేం కాదు, జ్యూరీ రోజు పొద్దున ముప్పైమంది లైన్లో ఉంటే ఎవరైనా అంతే. చాచా మాత్రం ప్రింటు వేయకముందే కాదంటారు. ఆ "కాదు" కోసమే అక్కడిదాకా వెళ్ళాలి.

ఫాయిల్ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, తెలుగు అక్షరాలతో పనిచేసేవాళ్ళకి పనికొస్తుంది. ఫాయిల్‌కి ముందు లోహపు బ్లాక్, అంటే అక్షరాల అచ్చు, చేయించాలి. అది ఈ షాపులో అవదు, పక్క సందులో ఇస్తే మర్నాటికి వస్తుంది. డబ్బులు చదరపు అంగుళం లెక్కన, చిన్నదైనా కనీస ఛార్జీ ఉంటుంది. నాకు రూ.600 దాటింది. బ్లాక్ వచ్చాక దాన్ని మెషీన్‌లో బిగించి వేడిచేసి, మధ్యలో ఫాయిల్ రోల్ పెట్టి నొక్కుతారు. ఉర్దూ, ఇంగ్లిషు ఎంత సన్నగా ఉన్నా ఎలాగో గట్టెక్కుతాయి. తెలుగుకొచ్చేసరికి తలకట్టు దగ్గరి చిన్న సందు, ఒత్తు లోపలి ఖాళీ ముందే పూడిపోతాయి. "ఆత్రేయపురం"లో ఆ "త్రే" చూడండి. పైన ఏత్వం, కింద రావత్తు, మధ్యలో ఊపిరాడని జాగా. చాచాకి తెలుగు చదవడం రాదు. అయినా ప్రింటవుట్ మీద సరిగ్గా ఆ అక్షరం చుట్టూనే పెన్సిల్‌తో సున్నా చుట్టి, "ఇక్కడ బంద్ అయితది" అన్నారు. ఫాంట్‌ని అక్కడికక్కడ మార్చలేం కాబట్టి, అక్షరాన్ని గీతలుగా విడగొట్టి ఆ ఒక్క రావత్తునీ కొంచెం కిందికి జరిపి, లోపలి సందు వెడల్పు చేశాను. ఫాయిల్ పడ్డాక బంగారు కడ్డీలా మెరిసింది, ఎక్కడా పూడలేదు.

ఫైల్ తీసుకెళ్ళేటప్పుడు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. అక్కడి కంప్యూటర్లో పాత కోరల్ డ్రా (డిజైన్ సాఫ్ట్‌వేర్) ఉంటుంది. తెలుగు అనగానే పక్కనున్న అబ్బాయి "అనులో ఉందా?" అని అడుగుతాడు. మన ప్రెస్సులు చాలావరకు ఇప్పటికీ అను అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లమీదే నడుస్తున్నాయి. ఫోన్లలో, నెట్‌లో వాడే మన యూనికోడ్ ఫాంట్ అక్కడ తెరిస్తే ఒత్తులన్నీ విడిపోయి పక్కన నిలబడతాయి. కాబట్టి ఇలస్ట్రేటర్లోనే తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చే కంపోజర్ సెట్టింగ్ ఆన్ చేసుకుని, అక్షరాలు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూసుకుని, అవుట్‌లైన్లు చేసి (అక్షరాలని గీతల బొమ్మలుగా మార్చి) పీడీఎఫ్ తీసుకెళ్ళండి. వాళ్ళ భాషలో "కర్వ్స్" అంటే అదే. వాట్సాప్‌లో ఫొటోలాగా పంపితే పిక్సెల్స్ తేలుతాయి, పెన్‌డ్రైవే నయం.

స్క్రీన్ ప్రింటింగ్ ఈ షాపు అసలు బలం. ఫ్రేముకి బిగించిన జాలీ గుడ్డ మీంచి ఇంకుని కాగితం మీదికి తోసే పద్ధతి ఇది. పెట్టె చుట్టూ తొడిగే క్రాఫ్ట్ పేపర్ స్లీవ్ మీద నాకు తెల్ల ఇంకు కావాలి. మామూలు డిజిటల్ మెషీన్లో తెలుపు అంటే కాగితం తెలుపే, అందులో తెల్ల ఇంకు ఉండదు. అంచేత స్క్రీనే గతి. ఒక రంగుకి ఒక స్క్రీన్, స్క్రీన్‌కి రూ.500 దాకా అయింది. చాచా వాళ్ళబ్బాయి స్క్వీజీ (ఇంకు లాగే రబ్బరు పట్టీ) ఒక్కసారి లాగి వదిలేయలేదు. మొదటి వరసకి తెలుపు పల్చగా, కింద గోధుమరంగు కనిపిస్తూ వచ్చింది. ఆరనిచ్చి, అదే చోట పెట్టి రెండోసారి లాగాడు. వెంట్రుకవాసి కూడా జరగలేదు. డబ్బు ఒక్కసారికే తీసుకున్నారు. ఆ థిన్నర్ వాసనకి మాత్రం తల పట్టేస్తుంది. మైగ్రేన్ ఉన్నవాళ్ళు ఫైల్ ఇచ్చేసి బయట ఇరానీ చాయ్ తాగడం మంచిది.

ఇక పోయిన ఆ ఒక్క మార్కు. చాచా డిక్షనరీలో "రేపు" అంటే రేపు కాదు. పెళ్ళి ముహూర్తాలు దట్టంగా ఉన్న రోజుల్లో మన మూడు పీసులు కార్డుల కట్టల కిందికి వెళ్ళిపోతాయి. కోపం తెచ్చుకుని లాభం లేదు. వాళ్ళ ఇల్లు గడిచేది ఆ కార్డులతోనే, మనతో కాదు. మా జ్యూరీలు పడేది ఎండాకాలంలో, పెళ్ళిళ్ళు జోరుగా జరిగేదీ అప్పుడే. నా స్లీవ్‌లు చెప్పిన రోజుకి రాలేదు, మర్నాడూ రాలేదు. ఆ రెండు రాత్రులూ హాస్టల్లో టెన్షన్‌తో నిద్రపట్టలేదు. పంచాంగం చూసుకుని మూఢంలోనో ఆషాఢంలోనో వెళ్ళగలిగితే మీకంటే అదృష్టవంతులు లేరు. షాపు ఖాళీగా ఉంటుంది, చాచా కూర్చోబెట్టి కబుర్లు చెప్తారు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు టైములో షట్టర్ దించేస్తారు. రంజాన్ నెలలో మాత్రం అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటుంది, రాత్రి పని ఇష్టమైన మనలాంటివాళ్ళకి అదే మంచి సీజన్.

కలర్ ప్రింట్ల విషయంలో వీళ్ళని నమ్మకండి. డిజిటల్ మెషీన్ వీళ్ళది కాదు, వేరే చోట వేయించి తెస్తారు. నా పెట్టె మీది ముదురు అరటాకు పచ్చ రెండో విడతలో నీలంవైపు తిరిగిపోయింది. కావాల్సిన షీట్లన్నీ ఒకే విడతలో వేయించుకోండి. లేదా కలర్ ప్రింట్లు మీకు నమ్మకమున్న చోట 12 బై 18 అంగుళాల షీట్ల మీద తీసుకుని, ఫాయిల్, స్క్రీన్, క్రీజింగ్ (మడత గీతలు నొక్కడం) మాత్రం ఇక్కడ చేయించండి. అప్పుడు వరస తప్పొద్దు. ముందు మ్యాట్ లామినేషన్ (మెరుపు లేని ప్లాస్టిక్ పొర), దాని మీద ఫాయిల్, ఆఖరున క్రీజింగ్, కటింగ్. మూడు పీసులకి డై (పెట్టె ఆకారంలో కోసే అచ్చు) చేయించడం దండగ అని ఆయనే చెప్పి, క్రీజు గీతలు వేసిచ్చి, కటింగ్ నన్నే చేసుకోమన్నారు. ఆ వారం మా రూమ్మేటు పరుపు మీద కూడా అట్టముక్కలే.

ఖర్చు చెప్తే మా క్లాసులో యూఐ యూఎక్స్ (యాప్‌ల, వెబ్‌సైట్ల డిజైన్) వైపు వెళ్ళినవాళ్ళు జాలిగా చూశారు. వాళ్ళ జ్యూరీకి ల్యాప్‌టాప్ ఛార్జర్ ఉంటే చాలు. మూడు పెట్టెలు, రెండు స్లీవ్‌లు, ప్రాసెస్ చూపించే మధ్యలో పిన్ కొట్టిన చిన్న పుస్తకం, అన్నీ కలిపి నాకు రూ.3,000 లోపే అయింది. దాంట్లో బ్లాక్, స్క్రీన్ ఖర్చే ఎక్కువ. అదే డిజైన్‌కి ఇంకో రెండు పీసులు కావాలంటే పైసలు పెద్దగా పెరగవు, అందుకే లెక్క ముందే వేసుకుని వెళ్ళండి. ఉద్యోగాలకి ఇవేవీ అక్కర్లేదన్నది కూడా నిజమే. కంపెనీలు అడిగేది మెయిల్లో పట్టే పీడీఎఫ్, లేదంటే లింకు. పెట్టెని ఫొటో తీసి పెట్టుకోవాల్సిందే. ఫాయిల్ మెరుపు ఫొటోలో సగం కూడా రాదు, అది వేరే బాధ.

జ్యూరీలో బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ పెట్టె చూసి తల ఊపి, పక్కన పెట్టిన లోహపు బ్లాక్‌ని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశారు. అక్షరాలు అద్దంలోలా తిరగబడి ఉంటాయి కదా, వేలితో తడిమి చదవడానికి ప్రయత్నించారు. ఆ తర్వాత ప్రశ్నలన్నీ దాని మీదే. బ్లాక్ అడిగితేనే ఇస్తారు, లేకపోతే షాపులోనే ఓ డబ్బాలో పడి ఉంటుంది. డబ్బు మనదే కాబట్టి మొహమాటపడకుండా అడిగి తెచ్చుకోండి.

వెళ్ళే దారి: లక్డీకాపూల్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగండి, అక్కడినుంచి మూసీ దాటడానికి షేర్ ఆటో. సొంత బండి తీసుకెళ్తే పార్కింగ్‌తోనే పొద్దు గడిచిపోతుంది. కూర్చోడానికి ఉన్న స్టూలు ఒకటే, దాని మీదా సాధారణంగా కార్డుల కట్ట ఉంటుంది. అమ్మాయిలకి బాత్రూమ్ సౌకర్యం లేదు, మ్యూజియం టికెట్ కొనుక్కుని లోపలికెళ్ళడమే దారి. ఫోన్‌పే తీసుకుంటారు, బిల్లు అడిగితే పాత కార్డు వెనకాల రాసిస్తారు. జ్యూరీకి ఇంకా రెండు వారాలైనా ఉంటే వెళ్ళండి. రేపే జ్యూరీ అయితే గేటు ఎదురుగా ఉన్న షాపే మేలు, అక్కడ కనీసం సాయంత్రానికి చేతిలో ఏదో ఒకటి పెడతారు.