నడవలేని మా లచ్చి కింద మూడేళ్ళుగా డ్రై షీటే

మా లచ్చి డేగ రంగు కోడిపెట్ట. పిల్లగా ఉన్నప్పుడు అట్టపెట్టెలో న్యూస్ పేపరు పరిచి పెంచాం. ఆ నున్నటి కాగితం మీద పట్టు దొరక్క కాళ్ళు రెండూ పక్కలకి జారిపోయాయి. మొదటి రోజుల్లోనే రెండు కాళ్ళూ కలిపి వదులుగా కట్టు కడితే సర్దుకునే అవకాశం ఉంటుందట, ఆ సంగతి మాకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది. ఇప్పుడు దానికి నాలుగో ఏడు. నిలబడలేదు, రెక్కలు ఊతంగా పెట్టుకుని జానెడు జరుగుతుంది. మేముండేది విజయవాడ సింగ్ నగర్‌లో మొదటి అంతస్తు, పెరడు లేదు, అందుకే లచ్చి చోటు హాల్లో కిటికీ పక్కన.

కూర్చున్న చోటే రెట్ట వేసే పెట్టకి కింద ఏం పరవాలన్నదే మాకు రోజూ టెన్షన్. మొదట ఊక పోశాం. చవకే గానీ తడి పెద్దగా పీల్చుకోదు, పైగా వానాకాలంలో బస్తా అడుగున బూజు పట్టింది, బూజు దుమ్ము కోళ్ళ ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం. రంపపు పొట్టు తడి బాగానే పీలుస్తుంది, కానీ లచ్చి పొద్దస్తమానం ముక్కు అందులోనే పెట్టుకుని ఉంటుంది కదా, వారం తిరక్కుండానే తుమ్ములు మొదలయ్యాయి.

అప్పుడు మా అక్క తన బాబుకి వాడేసి పక్కన పెట్టిన డ్రై షీటు ఇచ్చింది. పైన మెత్తటి గుడ్డ, అడుగున నీళ్ళు దిగని పొర. మూడేళ్ళుగా ఇదే వాడుతున్నాం, నా మాట ఏంటంటే షీటు ఒక్కటే పరిస్తే లాభం లేదు. దాని మీద పాత నూలు చీర ముక్క నాలుగు మడతలు వేసి, రెట్ట పడగానే ఆ మడత తిప్పేస్తాం. కోడికి మూత్రం విడిగా రాదు, రెట్టలో తెల్లగా కనపడేది అదే. రోజులో కొన్నిసార్లు గోధుమరంగులో జిగటగా, ముక్కు పగిలే వాసనతో ఇంకో రకం వస్తుంది. విరేచనాలేమోనని మొదట్లో హడలిపోయాను, అది మామూలేనట. అది షీటుకి అంటితే రుద్దకండి, ఇంకా లోపలికి పోతుంది. మేము ఇందుకోసమే ఒక పాత అట్లకాడ విడిగా పెట్టాం, దాంతో గీకి, చన్నీళ్ళలో నానబెట్టి, తర్వాతే సబ్బు. బట్టలు మెత్తబడే లిక్విడ్ వేస్తే షీటు తడి పీల్చడం మానేస్తుంది. బ్లీచింగ్ జోలికి అసలు పోవద్దు, రెట్టలో పుట్టే అమ్మోనియాతో కలిస్తే విషవాయువులు వస్తాయి.

మొదటి షీటుని అడుగు పొర పైకి పెట్టి డాబా మీద ఎండలో ఆరేసేదాన్ని, ఎనిమిది నెలలకే పొర పగిలి నేలంతా తడి. ఇప్పుడు గుడ్డ వైపే ఎండకి పెడుతున్నా, ఏడాది పైన వస్తోంది. మే నెలలో మాత్రం మధ్యాహ్నం షీటు తీసేస్తాం, ఆ పొర వేడి పట్టేస్తుంది, కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతుంది. టైల్స్ మీద ఒక్క నూలు గుడ్డ వేస్తే హాయిగా ఉంటుంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా వీధి ముంచినప్పుడు తెలిసింది దీని అసలు కష్టం. తాగే నీళ్ళకే కటకట, ఇక షీట్లు ఉతికేదెక్కడ? ఉన్నవి రెండే. మూడో రోజుకి లచ్చి రొమ్ము మీద ఈకలు అట్టకట్టి, విడదీసి చూస్తే రొమ్మెముక మీద చర్మం రూపాయి బిళ్ళంత ఎర్రగా కమిలిపోయింది. దాని కళ్ళలోకి చూడలేకపోయాను. ఉన్న నూలు చీరలన్నీ చింపి గంటకోటి మార్చాం, తువ్వాలు చుట్టలా చుట్టి మధ్యలో రొమ్ము ఆనకుండా కూర్చోబెట్టాం. తగ్గడానికి నెల పట్టింది. అందుకే చెబుతున్నా, రెండు కొని సరిపెట్టుకోకండి, ఆరు ఉండాలి. రోజూ సాయంత్రం ఎత్తి రొమ్ము చూడాలి, తడి తగిలితే అప్పుడే మార్చాలి, రాత్రి పన్నెండైనా సరే.

ఇంకొకటి. కొత్త షీటు తేగానే అంచుల్లో వేలాడే దారాలు కత్తిరించండి. లచ్చి ఒకసారి పీకి మింగబోతుంటే నాలుకకి చుట్టుకుంది, మా అమ్మ చూసింది కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచీ మా ఇంట్లో షీట్ల పక్కనే కత్తెర ఉంటుంది.