లాంకస్టర్ పల్లెల్లో అమిష్ వారి నడుమ

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉన్న లాంకస్టర్ కౌంటీకి వెళ్లదలచినవారు ముందుగా తేల్చుకోవలసినది బస సంగతి. 30వ నంబరు రహదారి వెంట హోటళ్లకు కొదవ లేదు, గదులూ శుభ్రంగానే ఉంటాయి. కానీ దుకాణ సముదాయాలు, వాహనాల రద్దీ తప్ప, ఆధునిక సౌకర్యాలకు హద్దులు పెట్టుకుని నిరాడంబరంగా బతికే క్రైస్తవ శాఖ అయిన అమిష్ వారి జీవితం అక్కడ కానరాదు. మేము మొదట అక్కడ దిగి, ఆ తరువాత బర్డ్ ఇన్ హ్యాండ్ అనే పల్లె సమీపంలో, అమిష్ వారికి దగ్గరి క్రైస్తవ శాఖ అయిన మెన్నొనైట్‌లకు చెందిన ఒక కుటుంబం తమ పాడి క్షేత్రంలో నడుపుతున్న అతిథిగృహానికి మారాము. మేము మాంసం తినేవాళ్లం కాదని ముందే చెప్పినందువల్ల గుడ్లు, బంగాళాదుంపలు, ఇంట్లో కాల్చిన రొట్టెతో ఆదరంగా ఫలహారం పెట్టారు. అయితే సొంత కారు లేనివారికి ఆ బస అనుకూలించదు.

గుర్రపు బగ్గీ సవారీలలో ప్రధాన రహదారి మీద తిప్పి తెచ్చేవాటికంటే పొలాల నడుమ దారుల్లోకి తీసుకుపోయేవి ఎంతో మేలు. మా బగ్గీ తోలిన పెద్దాయన ఒక పొలం చివర చిన్న చెక్క గదిని చూపించి, అందులోని టెలిఫోను ఇరుగుపొరుగు కుటుంబాలన్నిటిదీ అని చెప్పారు. ఫోను అవసరమే, కానీ అది ఇంట్లోకి వస్తే మనుషులు ఒకరి గడప ఒకరు తొక్కడం మానేస్తారని వారి భయం. సుమారు పాతిక నుంచి నలభై కుటుంబాలుండే ప్రతి సంఘమూ ఏటా రెండుసార్లు, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే క్రైస్తవ ఆచారం) ఆచరణకు ముందు, తన కట్టుబాట్లపై ఏకాభిప్రాయానికి వస్తుంది. కరెంటు తీగలు వద్దన్నవారే వడ్రంగి పనిముట్లను గాలి ఒత్తిడితో నడపడం చూశాక, యంత్రాలంటేనే వారికి గిట్టదని అనుకోవడం ఎంత పొరపాటో నాకు స్పష్టమైంది.

వారికి చర్చి భవనాలు లేవు. రెండు వారాలకొక ఆదివారం ఎవరో ఒకరి ఇంట ఆరాధన జరుగుతుంది. శనివారం ఒక ఇంటి ముంగిట బండి నిండా వచ్చిన వెన్నుపట్టీ లేని పొడవాటి బల్లలను మగవారూ కుర్రవాళ్లూ ఒకటొకటిగా లోపలికి మోస్తూ కనిపించారు. అలాంటి చోట ఆగి తొంగిచూడడం, ముఖాలు ఫొటో తీయడం తగదు.

సగం రోజు కేటాయించి ఎఫ్రటా క్లోయిస్టర్‌ను తప్పక చూడాలి. 1732లో జర్మన్ మతబోధకుడు కాన్రాడ్ బైసెల్ స్థాపించిన ఈ క్రైస్తవ మఠం ఇప్పుడు మ్యూజియం. మార్గదర్శకుల వెంట తిరిగితేనే ఇక్కడి విషయాలు తెలుస్తాయి. బ్రహ్మచర్యం పాటించిన సోదర సోదరీమణులు ఇరుకు చెక్కబల్ల మీద, కొయ్యదిమ్మెను తలగడగా పెట్టుకుని పడుకునేవారు, అర్ధరాత్రి ఆరాధనకు లేచేవారు. అంతటి కఠిన నియమాన్ని నేను గౌరవిస్తాను, కానీ బ్రహ్మచారుల వరుస 1813తో అంతరించింది. పిల్లాపాపలతో, పాడిపంటలతో సాగే అమిష్ నిరాడంబరతే నాకు ఎక్కువ ఆత్మీయంగా తోచింది.

ఆదివారం అమిష్ దుకాణాలు మూసి ఉంటాయి. లాంకస్టర్ పట్టణంలోని సెంట్రల్ మార్కెట్ మంగళ, శుక్ర, శనివారాల్లోనే తెరుస్తారు కనుక, గురువారం చేరుకుని శనివారం తిరుగుప్రయాణం పెట్టుకుంటే అన్నీ కలిసివస్తాయి.